శికంలో చెరుకు వెయ్యకూడదు

2021 వేసవిలో ఒకరోజు పొద్దున్నే పాత ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నేను ఆ కంపెనీ వదిలేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. చేసింది నా తర్వాత ఆ టీములో చేరిన కుర్రాడు, కరీంనగర్ అబ్బాయి.

"అన్నా, ఒక్క ప్రశ్న. మన పెద్ద సర్వర్ల బూట్ లైన్లో నోకాస్లర్ అని ఉంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మీకేమన్నా తెలుసా?"

తెలియకపోవడమేంటి! పెట్టింది నేనే. పక్కన కామెంటు కూడా నాదే: "తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి. అక్టోబరు 2017." ఆ అబ్బాయి కామెంటు చదివే ఫోను చేసాడు, పాపం మర్యాదకి తెలియనట్టు అడిగాడు. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారట. మూడున్నరేళ్ళు ఆ మెషీన్లు తాళం తీసిన ఇంట్లా నడిచాయన్నమాట. దొంగ వచ్చాడా రాలేదా అంటే, లాగుల్లో ఏమీ కనపడలేదన్నాడు. ఏమీ కనపడకపోవడమూ ఏమీ జరక్కపోవడమూ ఒకటి కాదని మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ టపా ఆ ఒక్క మాట గురించి. అది ఎందుకు పెట్టాల్సొచ్చిందో చెప్పాలంటే లైనక్స్ కెర్నెల్ చరిత్ర కొంతా, మా బోధన్ చరిత్ర కొంతా చెప్పాలి. రెండూ కలిపి చెప్తున్నానేంటని తిట్టుకోకండి, నాకు విషయం అర్థమైంది అలాగే :)

ముందు కాస్లర్ అంటే ఏంటో. పూర్తి పేరు పెద్దది, కేఏఎస్ఎల్ఆర్. నోటితో అందరం కాస్లర్ అనే అంటాం. మెషీను బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ తన కోడుని, తన డేటాని మెమరీలో కొత్త కొత్త చోట్ల పెట్టుకోవడం. ఎందుకంటే, దాడి చేసేవాడు ఏదో ఒక బగ్గు పట్టుకుని కెర్నెల్లోకి ఒక చెయ్యి దూర్చగలిగినా, ఆ చేత్తో దేన్ని అందుకోవాలో తెలియాలంటే అడ్రసు కావాలి. నిజామాబాద్‌లో గాంధీచౌక్ ఎక్కడంటే రిక్షావాడి దగ్గర్నుంచి ఎవరైనా చెప్తారు. పాత కెర్నెల్ అలాగే ఉండేది. ప్రపంచంలో ఏ మెషీనుకెళ్ళినా ఫలానా ఫంక్షన్ ఫలానా చోటే. ఒకడు తన గదిలో కూర్చుని లెక్క వేసుకుంటే ఆ లెక్క అందరి ఇళ్ళకీ పనికొచ్చేది.

మామూలు ప్రోగ్రాముల సంగతి దీనికన్నా ముందే తేలింది. 1996లో ఫ్రాక్ పత్రికలో స్టాక్‌ని ఎలా పగలగొట్టాలో వివరంగా రాసిన వ్యాసం వచ్చాక బఫర్ ఓవర్‌ఫ్లో అన్నది ప్రతి కాలేజీ కుర్రాడికీ చేతిపనైపోయింది. దానికి జవాబుగా 2001లో పాక్స్ అనే ప్రాజెక్టు వాళ్ళు ఈ అడ్రసులు కలియబెట్టే ఆలోచన తెచ్చారు. అసలు లైనక్స్‌లోకి అందులో కొంత భాగం 2005లో 2.6.12తో వచ్చింది. కానీ అదంతా యూజర్ ప్రోగ్రాములకి. కెర్నెల్ మాత్రం ఊరందరికీ తాళాలేయించి తన తలుపు తీసుకుని పడుకున్న పటేలులా 2014 వరకు అలాగే ఉంది. ఆ ఏడాది మార్చిలో 3.14తో కీస్ కుక్ చేసిన కాస్లర్ ఎక్స్86లోకి వచ్చింది. అప్పటికే విండోస్ విస్టాలో, 2012 నాటి మ్యాక్ మౌంటెన్ లయన్‌లో ఇలాంటివి ఉన్నాయి, మనవాళ్ళే లేటు.

రావడమైతే వచ్చింది గానీ పెళ్ళిలో మర్యాదలు సరిగా జరగలేదు. పాక్స్ వైపు నుంచి బ్రాడ్ స్పెంగ్లర్ 2013లోనే దీన్ని ఏకి పారేసాడు. ఒక్క అడ్రసు లీకైతే మొత్తం గుట్టు రట్టవుతుంది, ఇది భద్రత కాదు భద్రతలా కనపడే తంతు అని ఆయన వాదన. అందులో నిజముంది. కెర్నెల్ ఇమేజ్‌కి దొరికే చోటు ఒక గిగాబైటు, రెండు మెగాబైట్ల అడుగులతో లెక్కేస్తే 512 గడులు. తొమ్మిది బిట్లు. బ్యాంకు కార్డు పిన్ కన్నా చిన్నది. కాకపోతే కెర్నెల్ విషయంలో తప్పు ఊహిస్తే మెషీను క్రాష్ అవుతుంది. 511 సార్లు క్రాష్ చేసి 512వ సారి లోపలికొచ్చేవాణ్ణి ఎవరూ గమనించకుండా ఉండరు. నేనైతే కీస్ కుక్ పక్షమే. తాళం గజదొంగని ఆపదు, దారినపోయేవాణ్ణి ఆపుతుంది, అదీ ఒక పనే.

ఇప్పుడు రెండో పాత్ర, మెమరీ హాట్‌ప్లగ్. మెషీను ఆపకుండా ర్యామ్ కలపడం, ఆపకుండానే ర్యామ్ తీసెయ్యడం. ఇది పెద్దింటి వ్యవహారం. ఇరవై నాలుగ్గంటలూ ఆగకూడని సర్వర్లు, బోర్డుల లెక్కన మెమరీ ఉండేవి, వాటికోసం ఐబీఎం, ఫుజిట్సు మనుషులు రాసుకొచ్చారు. 2005 చివర్లో డేవ్ హాన్సెన్ తదితరుల ప్యాచులు లోపలికెళ్ళాయి. అప్పుడు కలపడం ఒక్కటే. తీసెయ్యడం కష్టం, దానికి 2008 జనవరిలో 2.6.24 దాకా ఆగాల్సొచ్చింది, అది ముఖ్యంగా ఫుజిట్సు కామెజవా హిరోయుకి చలవ. అన్నట్టు అదే ఏడాది ఈ తీసెయ్యడంలో అన్ని ఆర్కిటెక్చర్లకీ పనికొచ్చే ముక్క రాసినాయన పేరు బదరి పులవర్తి, ఐబీఎం. చేంజ్‌లాగ్‌లో ఆ ఇంటిపేరు చూసి నేను కుర్చీలోంచి లేచినంత పని చేసా.

కలపడం తేలిక, తీసెయ్యడం కష్టం ఎందుకయ్యా అంటే, అక్కడే మా తాత వస్తాడు.

2017 దసరాకి నేను బోధన్ వెళ్ళా. పండగ సెప్టెంబరు 30న. రెండు రోజుల ముందు నుంచే ఫోన్లు మొదలు. ఒక కస్టమరు దగ్గర ఎనిమిది నోడ్ల పెద్ద సర్వర్లు కొన్ని ఉన్నాయి. ఒక నోడ్‌లో మెమరీ తప్పులు చూపిస్తోంది, దాన్ని ఆఫ్‌లైన్ చేసి బోర్డు మార్చాలి, మెషీను ఆపకూడదు. కొన్నదే అందుకు. ఆఫ్‌లైన్ చెయ్యమంటే "బిజీగా ఉంది" అని తిప్పి కొడుతోంది. ల్యాబులో అదే మోడల్ మీద మేం ప్రయత్నిస్తే చక్కగా అయింది. సరే ఇంకోసారి చూద్దామని ల్యాబు మెషీను రీబూట్ చేసి ప్రయత్నిస్తే కాలేదు. మళ్ళీ రీబూట్ చేస్తే అయింది! ఇలాంటి బగ్గులుంటాయే, మనిషికి దేవుడి మీద నమ్మకం పెంచేవి ఇవే.

డాబా మీద, ఫోన్ నుంచి నెట్ పెట్టుకుని, దోమలు కొట్టుకుంటూ పని చేస్తున్నా. మా తాత కింద మంచం మీద. ఆయన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పని చేసి రిటైరయ్యాడు. ఆ రోజు ఆయన బాధ వేరు. మా చుట్టాల్లో ఒకాయన చెరువు శికంలో ప్లాటు కొన్నాడు, చవగ్గా వచ్చిందని. ఆ సంగతి మీద పొద్దుట్నుంచీ ఒకటే గొణుగుడు.

శికం అంటే తెలియని కోస్తా మిత్రుల కోసం: చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే భూమి. నీళ్ళు తగ్గాక ఆ నేల తేలుతుంది, మంచి ఒండ్రు. తేలినన్నాళ్ళూ సాగు చేసుకుంటారు, శికం పట్టాలని ఉంటాయి. మళ్ళీ వానలొచ్చి చెరువు నిండితే ఆ నేల చెరువుదే.

"శికంల పెసర్లేస్కో, దోసేస్కో, రెండు మూడు నెల్లల్ల తీసుకపోతవ్. నీళ్ళస్తె గా పంట పాయె, గంతే," అన్నాడు తాత, నేను కిందకి దిగితే. "చెరుకెయ్యకు. చెరుకుకు ఏడాది గావాలె, చెరువు ఏడాది ఆగుతదా? ఇల్లంటవా... గది ఇల్లెట్లయితదిరా, నీళ్ళల్ల కట్టినోనికి తెలుస్తది."

"ఆయనకి తెల్వద తాతా?"

"తెల్వకేంది. తేలిన భూమి జూసిండు, చెరువును జూళ్లే."

నేను ప్లేట్లో అన్నం కలుపుకుంటూ ఆగిపోయా. నిజంగానే ఆగిపోయా, మా అమ్మ ఏమైందిరా అంది.

చూడండి. హాట్‌ప్లగ్‌లో తీసెయ్యదలచిన మెమరీ శికం భూమి. అందులో ఏం ఉంచొచ్చు? మామూలు ప్రోగ్రాముల పేజీలు ఉంచొచ్చు. వాటికి అడ్రసు పేజ్ టేబుల్ ద్వారా నడుస్తుంది కాబట్టి, లోపల సరుకుని వేరే నోడ్‌కి మోసుకెళ్ళి, టేబుల్లో ఒక గీత మార్చేస్తే ప్రోగ్రాముకి తెలియను కూడా తెలియదు. పెసర పంట. కెర్నెల్ సొంత పేజీలు అలా కాదు. కెర్నెల్ ఉన్న ర్యామ్ మొత్తాన్నీ వరసగా ఒకచోట మ్యాప్ చేసుకుంటుంది, డైరెక్ట్ మ్యాప్ అంటారు. ఫిజికల్ అడ్రసుకి ఒక స్థిరమైన సంఖ్య కలిపితే వర్చువల్ అడ్రసు వచ్చేస్తుంది. చాలా వేగం. కానీ ఆ అడ్రసులు కెర్నెల్ నిండా ఎక్కడెక్కడో పాయింటర్లలో రాసుకుని ఉంటాయి, ఎవరెవరు రాసుకున్నారో ఎవరికీ తెలియదు. అందుకే వాటిని కదపలేం. చెరుకు, ఇల్లు.

అందుకని 2007లో మెల్ గోర్మన్ మూవబుల్ జోన్ అని ఒకటి తెచ్చాడు, కదిలేవి మాత్రమే ఉండే పేట. తర్వాత ఫుజిట్సు వాళ్ళు ఒక నోడ్ నోడే పూర్తిగా కదిలే సరుకుకి కేటాయించాలన్నారు. చెప్పినంత తేలిక కాదది. ఏ నోడ్ తీసెయ్యదగ్గదో చెప్పేది ఫర్మ్‌వేర్ ఇచ్చే ఎస్‌రాట్ అనే పట్టిక. ఆ పట్టిక చదివే లోపే కెర్నెల్ తన సొంత అవసరాలకి కొంత మెమరీ వాడేసుకుంటుంది. పట్టిక ఇంకా ముందే చదువుదామని 2013లో 3.9 సమయంలో ప్రయత్నిస్తే వేరేవేవో విరిగాయి, మొత్తం వెనక్కి తీసేసారు. అదే ఏడాది చివర్లో టాంగ్ చెన్ ఒక చిట్కాతో మళ్ళీ వచ్చాడు: కెర్నెల్ ఇమేజ్ లోడయ్యే చోటు ఎలాగూ తీసెయ్యని నోడ్‌లోనే ఉంటుంది కదా. కాబట్టి ఎస్‌రాట్ చదివేదాకా, ఏం కావాలన్నా కెర్నెల్ పక్కనే, దాని పైనుంచి వరసగా తీసుకోండి. పక్కనే ఉంటే అదే నోడ్‌లో ఉన్నట్టే. మూవబుల్ నోడ్ అనే బూట్ ఆప్షన్‌గా ఇది 3.13లో వచ్చింది, 2014 జనవరి.

కాస్లర్ 3.14, 2014 మార్చి. అంటే ఒకదాని వెనక ఒకటి, వరస వెర్షన్లు. "కెర్నెల్ ఎక్కడుంటుందో మనకి తెలుసు కదా" అన్న నమ్మకం మీద ఒకరు ఇల్లు కట్టారు. రెండు నెలలకి ఇంకొకరు "కెర్నెల్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియకూడదు" అంటూ వచ్చారు. ఇద్దరిదీ తప్పు లేదు!

వెంటనే గొడవ కాలేదు. మొదట్లో కాస్లర్ పాచికలు వేసేది కింది ఒక్క గిగాబైటులోనే, అది ఎలాగూ కదలని నోడ్. ఆ రోజుల్లో దాని గొడవ హైబర్నేషన్‌తో. రెండూ కలిసి పని చెయ్యవు, ఏదో ఒకటి ఎంచుకో అన్నారు, 4.8 దాకా అదే వరస. అసలు తంటా కూడా ఆ 4.8తోనే వచ్చింది, 2016 అక్టోబరు. అందులో రెండు పనులు జరిగాయి.

ఒకటి, రెడ్ హ్యాట్ బావోక్వాన్ హె, ఇంకొందరు కలిసి కెర్నెల్ ఫిజికల్‌గా ఎక్కడ కూర్చోవాలన్న ఎంపికని నాలుగు గిగాబైట్ల పైకి, మొత్తం మెమరీ మీదకి విస్తరించారు. భద్రతకి మంచిదే. కానీ ఎనిమిది నోడ్లున్న మెషీన్లో ఇప్పుడు కెర్నెల్ ఏ నోడ్‌లోనైనా పడొచ్చు. పడిన నోడ్ ఇక కదలదు. మాకు జరిగింది సరిగ్గా ఇదే. మేం సొంతంగా కంపైల్ చేసుకున్న 4.9లో కాస్లర్ ఆన్ చేసి ఉంది. ఒక బూట్‌లో పాచిక మంచి చోట పడేది, ఒక బూట్‌లో సరిగ్గా మేం తీసెయ్యాలనుకున్న నోడ్‌లో పడేది. తేలిన భూమి చూసి ఇల్లు కట్టేసేది.

రెండోది గూగుల్ నుంచి థామస్ గార్నియె చేసింది, ఇది నాకు ఇంకా ఇష్టం. పైన చెప్పిన డైరెక్ట్ మ్యాప్ ఉందే, దాని మొదలు అప్పటివరకు ప్రతి మెషీన్లోనూ ఒకే చోట ఉండేది. కెర్నెల్ ఇమేజ్‌ని దాచి ఏం లాభం, మొత్తం ర్యామ్ కనపడే అద్దం గాంధీచౌక్‌లో వేలాడుతుంటే? 2014లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు ఈ అద్దాన్నే వాడుకుని ఎలా దాడి చెయ్యొచ్చో చూపించారు కూడా. గార్నియె ఆ డైరెక్ట్ మ్యాప్‌నీ, పక్కనున్న మరో రెండు ప్రాంతాల్నీ కూడా పాచికల్లో కలిపాడు. వాటి వరస మారదు, మధ్య ఖాళీలు మారతాయి.

ఈ ఖాళీ ఎక్కడినుంచి వచ్చింది? డైరెక్ట్ మ్యాప్‌కి కేటాయించింది 64 టెరాబైట్ల వర్చువల్ చోటు. మామూలు మెషీన్లో ఉండే ర్యామ్ 64 గిగాబైట్లో ఎంతో. వాడని చోటంతా కత్తిరించి, ఆ మిగులులో అటూ ఇటూ జరపొచ్చు. బావుంది కదా. కానీ రేపెవరైనా ర్యామ్ కలిపితే? డైరెక్ట్ మ్యాప్ వరసగా పెరగాలి, పెరగడానికి చోటు వదలకుండా పక్కింటి గోడ కట్టేసాం. అందుకని ఆయన ఒక సంఖ్య పెట్టాడు. హాట్‌ప్లగ్ ఉన్న కెర్నెల్ అయితే, ఉన్న మెమరీకి అదనంగా 10 టెరాబైట్ల చోటు వదిలెయ్. హాట్‌ప్లగ్ లేకపోతే సున్నా.

పది ఎందుకు? తొమ్మిది కాదేం? ఇంజనీరన్నవాడు ఎక్కడో ఒకచోట ఇలా ఒక సంఖ్య రాయాల్సిందే. నేను లెక్కేసి చూసా. చిన్న మెషీనుకి ఒక టెరాబైటు లెక్కేస్తారు, పది కలిపితే పదకొండు, మిగిలేది 53. పది వదలకపోతే 63. అరవై మూడుకి యాభై మూడుకి తేడా బిట్లలో చూస్తే పావు బిట్టు. అంటే దాదాపు ఉచితం. కాబట్టి భద్రతా హాట్‌ప్లగ్గా అనే తగువు ఈ వైపు పెద్దది కాదు, ఆ పది టెరాబైట్లు చాలినంత కాలం. చాలకపోతేనే.

ఇక్కడ నాకు నిజాంసాగర్ గుర్తొస్తుంది. మా తాత ఉద్యోగం, మా ఊరి చెరుకు, చివరికి నా ఇంజనీరింగ్ ఫీజు, అన్నీ ఆ నీళ్ళ పుణ్యమే. మంజీరా మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తి చేసారు, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నీళ్ళొచ్చాక చెరుకొచ్చింది, చెరుకుంది కాబట్టి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వచ్చింది. రిజర్వాయర్ కట్టేవాడు కూడా ఒక సంఖ్య రాయాలి, పూడిక ఎంత వస్తుందని. పూడికకి చోటు వదిలే కడతారు ఎవరైనా. మొదట్లో నిజాంసాగర్ పట్టేది సుమారు 29.7 టీఎంసీలు. నలభై ఏళ్ళు తిరిగేసరికి, 1970ల్లో కొలిస్తే, 12 కన్నా తక్కువ. గేట్ల ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. ఆ ఇంజనీరు తెలివితక్కువవాడు కాదు, హైదరాబాద్ రాజ్యంలో ఆయనంతటి ఇంజనీరు మరొకరు లేరు. పైన ఎగువ పొలాల్లోంచి ఎంత మట్టి కొట్టుకొస్తుందో ఎనభై ఏళ్ళ ముందుకి ఎవరు చెప్పగలరు? కెర్నెల్‌లో చోటు వదిలేది పెరగడానికి, డ్యామ్‌లో వదిలేది పూడడానికి, తేడా ఉంది, ఒప్పుకుంటా. ఉపమానాన్ని ఇంతకన్నా లాగను.

గార్నియె సంఖ్యకీ అదే గతి పట్టింది. తొమ్మిదేళ్ళలోపే. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు నా తప్పు పూర్తి చెయ్యనివ్వండి.

దసరా అయ్యాక హైదరాబాద్ తిరిగొచ్చి, విషయం కనిపెట్టాం కదా అని గొప్పగా అందరికీ చెప్పా. చెరువు, శికం కథతో సహా :) మరి పరిష్కారం? ఆ టైముకి అసలు లైనక్స్‌లో పరిష్కారం లేదు. ఫుజిట్సు నుంచి చావో ఫాన్ అనే ఆయన అప్పుడే ప్యాచులు పంపుతున్నాడు. కస్టమరుకి మాత్రం ఈ వారం కావాలి. మా ముందున్న దారులు: హాట్‌ప్లగ్ లేకుండా నడపండి అని చెప్పడం (అందుకే కదా అంత డబ్బు పోసి కొన్నారు), లేదా ఆ ప్యాచులు మేమే తెచ్చి పెట్టుకోవడం (ధైర్యం చాల్లేదు), లేదా బూట్ లైన్లో నోకాస్లర్ అని ఒక మాట రాయడం. ఒక్క మాట. పరీక్షిస్తే పదికి పదిసార్లు నోడ్ ఆఫ్‌లైన్ అయింది. కస్టమరు సంతోషం, మేనేజరు సంతోషం. ఆ లైను టెంప్లేట్లోకి ఎక్కింది, టెంప్లేట్ నుంచి హాట్‌ప్లగ్ అవసరమే లేని మెషీన్లలోకి కూడా పాకింది. ఇది నాకు 2021 ఫోన్లో తెలిసింది.

ఆ రోజు నేను చెయ్యగలిగీ చెయ్యనిది ఒకటుంది, అది ఇప్పటికీ గుచ్చుతుంది. కాస్లర్ పూర్తిగా ఆపితే పోయేది ఫిజికల్ పాచిక ఒక్కటే కాదు. వర్చువల్ పాచిక, డైరెక్ట్ మ్యాప్ పాచిక, అన్నీ పోతాయి. మాకు అడ్డం పడింది మొదటిది మాత్రమే. 4.8 నుంచి ఫిజికల్, వర్చువల్ రెండూ వేర్వేరుగా ఎంచుకుంటాయి. చిన్న ప్యాచుతో ఫిజికల్ ఒక్కటీ ఆపి ఉండొచ్చు. ఒక్క ఎలుకని పట్టడానికి ఇల్లంతా ఖాళీ చేసినట్టు చేసాం. అది ఆ వారం తోచలేదా అంటే తోచింది. ఇంకో రెండు రోజులు పడుతుందని వదిలేసా.

తర్వాత మూడు నెలలకి, 2018 జనవరిలో, మెల్ట్‌డౌన్ బయటపడింది. ఇందులో ఒక వింత చెప్పాలి. మెల్ట్‌డౌన్‌కి మందుగా అందరూ రాత్రింబవళ్ళు ఎక్కించిన ప్యాచ్ ఉందే, కెర్నెల్ పేజ్ టేబుళ్ళని యూజర్ వాటినుంచి విడదీసేది, దాని మూలం కైజర్ అనే పరిశోధన. ఆస్ట్రియాలో గ్రాజ్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో రాసింది. వాళ్ళు దాన్ని రాసింది మెల్ట్‌డౌన్ కోసం కాదు, కాస్లర్‌ని కాపాడటానికి! ప్రాసెసర్ టైమింగ్ చూసి కెర్నెల్ అడ్రసు పసిగట్టెయ్యొచ్చని 2013 నుంచీ ఒకరి తర్వాత ఒకరు చూపిస్తున్నారు, దాన్ని ఆపడానికి. అంటే అందరూ చులకన చేసిన ఈ బక్క తాళాన్ని కాపాడబోయి, ప్రపంచంలోని సర్వర్లన్నిటినీ కాపాడిన మందు చేతికొచ్చింది. 2022లో ఎంట్రీబ్లీడ్ అని ఇంకోటి వచ్చి, ఆ మందు వేసుకున్నాక కూడా కాస్లర్ అడ్రసు కనుక్కోవచ్చని చూపించింది, అది వేరే కథ. స్పెంగ్లర్ ఎక్కడో నవ్వుకునే ఉంటాడు.

ఆ జనవరిలో మా టీము పది రోజులు ఇళ్ళకి పోలేదు. మెల్ట్‌డౌన్ ప్యాచ్ ఎక్కించడానికి ఆ పెద్ద సర్వర్ల బూట్ ఫైలు నేనే తెరిచా. నోకాస్లర్ లైను కళ్ళ ముందే ఉంది. చూసా. "ఇప్పుడు ఇది ముట్టుకుంటే ఇంకేదో విరుగుతుంది" అనుకుని మూసేసా.

చావో ఫాన్ ప్యాచుల దారి మాత్రం మెచ్చుకోవాలి. మొదట్లో ఆయన కదలని మెమరీ ఏదో యూజరే బూట్ లైన్లో రాసివ్వాలన్నాడు. వద్దు, ఎస్‌రాట్‌లో ఉంది కదా, కెర్నెలే చూసుకోవాలి అన్నారు పెద్దలు. కానీ కాస్లర్ పాచిక వేసేది కెర్నెల్ ఇంకా మూట విప్పుకోకముందు, కంప్రెస్ అయి ఉన్న దశలో. అక్కడ ఏసీపీఐ లేదు, ఏమీ లేదు. ఆ చీకట్లో పట్టిక ఎక్కడుందో వెతికి, చదివి, తీసెయ్యదగ్గ నోడ్లు మినహాయించి మిగతాదాంట్లోనే పాచిక వెయ్యాలి. ఎన్నిసార్లు తిరగరాసాడో! చివరికి బొరిస్లావ్ పెట్కోవ్ చేతుల మీదుగా 2019 మేలో 5.1తో బయటికొచ్చింది. వచ్చాక కూడా కెఎగ్జెక్‌తో బూట్ చేసే చోట ఇబ్బందులొస్తే సరిదిద్దారు. రెండేళ్ళకి దగ్గరగా ఒక మనిషి ఒకే విషయం మీద. చేసిందల్లా ఏంటంటే, ఇల్లు ఎక్కడైనా కట్టుకో, శికంలో మాత్రం వద్దు అని కెర్నెల్‌కి నేర్పడం. మా తాత రెండు ముక్కల్లో చెప్పాడు, నిజమే, కానీ తాతకి చెరువు కట్ట కళ్ళ ముందుంది.

ఇక ఆ పది టెరాబైట్ల సంగతి. గార్నియె ఊహించిన హాట్‌ప్లగ్ అంటే ర్యామ్ కర్రలు, బోర్డులు, వర్చువల్ మెషీన్లు. తర్వాత జీపీయూల కాలం వచ్చింది. ఒక కార్డు తన మెమరీని ఇంకో కార్డుకి నేరుగా ఇవ్వాలంటే, కెర్నెల్ ఆ కార్డు మెమరీని కూడా డైరెక్ట్ మ్యాప్‌లో చేర్చుకోవాలి. ఆ కార్డుల ఫిజికల్ అడ్రసులు ఎక్కడో ఆకాశంలో ఉంటాయి, ర్యామ్ చివర నుంచి పది టెరాబైట్ల అవతల కూడా ఉండొచ్చు. అప్పుడు మ్యాపింగ్ ఫెయిల్. జనం ఏం చేసారంటారు? నేను చేసిందే. నోకాస్లర్! 2025లో ఎన్విడియా నుంచి బల్బీర్ సింగ్ ప్యాచ్ 6.15లోకి వెళ్ళింది. కార్డుల మధ్య ఆ సౌకర్యం ఉన్న కెర్నెల్స్‌లో డైరెక్ట్ మ్యాప్‌ని కత్తిరించొద్దు, పూర్తి చోటు అలాగే ఉంచు అని. డిస్ట్రోలు చాలావరకు ఆ సౌకర్యం ఆన్ చేసే ఇస్తాయి, కాబట్టి చాలా మెషీన్లలో పాచికల చోటు తగ్గిపోతుంది. ఆయన ఆ సంగతి దాచలేదు, ప్యాచ్ పేరులోనే ఎంట్రోపీ తగ్గిస్తున్నాం అని రాసాడు. కారణం కూడా రాసాడు: అందరూ కాస్లర్ మొత్తం ఆపేసుకోవడం కన్నా ఇది నయం.

ఆ వాక్యం చదివి నేను కాసేపు స్క్రీను మూసేసా. కామెంటులో పేరు నాది కాదు గానీ, ఆ "అందరూ"లో నేనున్నా.

కొంతమంది మిత్రులు దీన్ని భద్రత ఓడిపోయినట్టు చూస్తున్నారు. నేనలా చూడను. వాడుకలో నిలబడని భద్రతని మనుషులు ఒక్క మాటతో ఆపేస్తారు, ఆపి మర్చిపోతారు. మా సర్వర్ల మీద అంత ఎంట్రోపీ ఉండాల్సింది, మూడున్నరేళ్ళు సున్నా ఉంది. కొంత తగ్గించి అందరి దగ్గరా ఆన్‌లో ఉంచడమా, పూర్తిగా ఇచ్చి సగం మంది ఆపేసుకోవడమా అంటే మొదటిదే సరి. కానీ మొత్తం చోటు వదిలెయ్యడం మరీ మొరటు పని, ఏ జీపీయూ లేని మామూలు మెషీను కూడా ఎందుకు నష్టపోవాలి? బూట్ టైములో ఏ అడ్రసు దాకా పరికరాలున్నాయో చూసి అంతవరకే వదలొచ్చు. చావో ఫాన్ లాగా ఎవరో ఒకరు రెండేళ్ళు కూర్చోవాలి.

మా తాత 2019లో పోయారు. ఆ దసరాకి ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్ళు కావస్తోంది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికెళ్ళింది, 2015 డిసెంబరులో గేట్లు మూసారు. అక్కడ పని చేసినవాళ్ళ జీవితాలు పేజీలు కావు, వేరే నోడ్‌కి మైగ్రేట్ చెయ్యడానికి. ఆ ఏడాది సాయంత్రాలు ఊళ్ళో మొలాసిస్ వాసన లేదు. చిన్నప్పుడు ఆ వాసన పడక ముక్కు మూసుకునేవాణ్ణి. చెరుకు వేసిన పొలాల్లో వరి, మక్క వచ్చాయి. తాత మాత్రం తూకం గది వైపు నడిచి వెళ్ళి వచ్చేవాడు రోజూ.

2021 ఫోను తర్వాత ఏమైందో చెప్పలేదు కదూ. ఆ కుర్రాడితో రెండు సాయంత్రాలు కూర్చున్నా, ఫోన్లోనే. కెర్నెల్‌ని 5.10కి మార్చి, నోకాస్లర్ తీసేసి, ల్యాబు మెషీన్ని నలభై సార్లు రీబూట్ చేసి, ప్రతిసారీ ఆ నోడ్ ఆఫ్‌లైన్ అవుతుందో లేదో చూసాం. నలభైకి నలభై. తర్వాత టెంప్లేట్లో నా కామెంటు ఉన్న చోట ఆ అబ్బాయి కొత్త కామెంటు రాసాడు, తేదీతో, తన పేరుతో, ఎందుకు తీసామో నాలుగు వాక్యాల్లో. నేను అప్పుడు రాయాల్సింది అదీ.

చుట్టాలాయన ప్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. పోయినేడు వానలకి అందులో మోకాలి లోతు నీళ్ళు.